కుళాయి వచ్చే వేళకే లెక్కల పీరియడు

మా వీధిలో ఒక అమ్మాయికి ఈమధ్యే టీచరు ఉద్యోగం వచ్చింది. ఒకరోజు వర్కుబుక్కు చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చి, "పిల్లలకి గ్రాఫులు ఎలా చెప్పాలండీ, రెండు చిట్కాలు చెప్పండి" అని అడిగింది. ఆ వర్కుబుక్కు తిరగేశాను. గళ్ళు ముందే గీసి ఉన్నాయి. అంకెలు ముందే ఇచ్చేశారు. గ్రాఫులో నిలువు కమ్మీలు ఎంతెత్తు లేవాలో చుక్కలు పెట్టి మరీ చూపించారు. పిల్లవాడి పనల్లా రంగు పూయడం. ఇదే బుద్ధితక్కువ పనిని మా రోజుల్లో కష్టపడి చేత్తో చేసేవాళ్ళం. ఇప్పుడు అచ్చులో దొరుకుతోంది, అంతే తేడా.

ఆ అమ్మాయికి అప్పుడు చిట్కాలేమీ చెప్పలేకపోయాను. నేను నోటితో చెప్పేదానికన్నా కాగితం మీద చెప్పేది ఎప్పుడూ ఎక్కువ. ఉద్యోగంలో చేరిన రోజుల్లో స్టాఫ్‌రూములో నోరు విప్పాలంటే నాకు చెమటలు పట్టేవి. గోపాలపట్నం నుంచి బస్సులో వచ్చి, పాఠం చెప్పి, భోజనాల గంటలో మూలన కూర్చుని పాఠ్యపుస్తకం మధ్యలో నవల పెట్టుకుని చదువుకుని, ఇంటికి పోయి ఆనాటి కోపాలన్నీ డైరీలో రాసుకునేదాన్ని. ఆ కోపాల్లో చాలావరకు నిజమైనవేనని ఈ వయసులో తేలింది. అందుకే రాస్తున్నాను.

ప్రమోషన్లు, బదిలీలు, పెన్షను కాగితాల గురించి ఇక్కడ ఏమీ ఉండదు. సన్మానం రోజున కప్పిన శాలువా గురించి కూడా రాయను. అది మంచి శాలువాయే, బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే పనికొస్తుంది.

గోడ మీద ఏడాది

ఎనభైల మొదట్లో నేను పనిచేసిన బడి రేవుకి ఎగువన, కొండవాలున ఉన్న ఒక పేటలో ఉండేది. ఏడో తరగతి వరకే. తలుపు తీస్తే ఓడలు కనిపించేవి, కిటికీ తీస్తే ఇనప ఖనిజం ధూళి ఎర్రగా వచ్చి బల్లల మీద వాలేది. పిల్లల్లో సగంమంది చేపలవాళ్ళ ఇళ్ళనుంచి, మిగతావాళ్ళు రేవులో కూలిపనికి పల్లెల నుంచి వచ్చినవాళ్ళ ఇళ్ళనుంచి వచ్చేవారు.

మా హెడ్మాస్టరు పరశురామయ్య గారు గోదావరి జిల్లా మనిషి. ఇస్త్రీ పంచె, మాటమాటకీ 'అండీ', విద్య మీద గొప్ప గౌరవం. ఎంత గౌరవమంటే దాని జోలికి ఎన్నడూ పోలేదు. ఆయనకి తెలిసిన గ్రాఫు ఒక్కటే. ఆఫీసుగది గోడ మీద ఉండే హాజరు పట్టిక. నెలకొక కమ్మీ చొప్పున జూన్ నుంచి ఏప్రిల్ దాకా ఎంతమంది పిల్లలు బడికి వచ్చారో అది చూపాలి.

ఒక ఏడు జూన్‌లో డ్రాయింగు మాస్టారికి వాళ్ళ బావ ఓడలకి వేసే రంగు ఒక డబ్బా మిగిలితే ఇచ్చాడు. మూత తీశాక ఆ రంగు గట్టిపడిపోతుందట. వృథా చేయడమెందుకని హెడ్మాస్టరు గారు ఏడాది మొత్తానికీ కమ్మీలు ఒకేసారి వేయించేశారు. జూన్‌లో ఆ గదిలో నిలబడి చూస్తే వచ్చే మార్చిలో పిల్లలు ఎంతమంది వస్తారో నిగనిగలాడుతూ కనబడేది.

"మరీ అన్నీ సమానంగా ఉంటే బాగోదండీ. ఫిబ్రవరి కొంచెం తగ్గించండి" అని ఆయన డ్రాయింగు మాస్టారికి చెప్పడం నేను విన్నాను.

ఆగస్టులో ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. ఆ గోడ ముందు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. దొరికిపోయాం అనుకున్నాను.

"ఫిబ్రవరిలో తగ్గిందేమండీ?" అని అడిగారాయన.

"జాతర్ల కాలమండీ. పిల్లలు ఆగరు" అన్నారు హెడ్మాస్టరు గారు.

"అదే ఈ ప్రాంతంతో వచ్చిన చిక్కు" అని ఇన్‌స్పెక్టరు గారు తల పంకించి, పట్టిక బాగుందని రాసి వెళ్ళారు. అది ఆగస్టు అని ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. తట్టిన నాకు నోరు లేదు.

గ్రాఫులు చెప్పబోయే పిల్లలారా, ఇది కొత్త జబ్బు కాదు. చాలామంది పెద్దవాళ్ళకి గ్రాఫంటే గోడకి వేసే ముగ్గు. ముగ్గుని ఎవరూ లెక్కపెట్టరు.

మిగిలిన తొమ్మిది చేపలు

ఆరో తరగతికీ ఏడో తరగతికీ లెక్కలు నావే. పాఠ్యపుస్తకంలో పటచిత్రం అని ఒక పాఠం ఉండేది. అంకెలకి బదులు బొమ్మలతో చెప్పడమన్నమాట. అందులో ఒక కారు బొమ్మ గీసి, ఇది వంద కార్లకి గుర్తు అన్నారు. ఏదో పెద్ద నగరంలో ఏ రంగు కార్లు ఎన్ని ఉన్నాయో చూపించారు. మా పేటలోకి కారు వస్తే పిల్లలు వెంట పరిగెత్తేవాళ్ళు. వాళ్ళకి వంద కార్లు ఏమి బోధపడతాయి? నేను కారు తీసేసి బోర్డు మీద చేప గీశాను. ఒక చేప బొమ్మంటే పది చేపలు అన్నాను.

వెనక బెంచీ నుంచి గౌరీశు లేచాడు. వాడు ఏ పాఠానికీ లేచేవాడు కాదు.

"ఒక సేపే గీసినారు కదండీ. మిగిలిన తొమ్మిదీ ఎవులట్టుకెల్లినారండి?"

క్లాసంతా నవ్వింది. ఇంకొకడు అందుకున్నాడు. "వంజరమైతే పెద్దగా గియ్యాలండి. కవ్వల్లయితే సిన్నగా గియ్యాల. రెండూ ఒక్కలాగే గీత్తే ఎవులు కొంటారు?"

ట్రైనింగులో స్కేలు గురించి చెప్పిన లెక్చరరు గారు ఇలాంటి పిల్లల్ని చూసి ఉండరు. అప్పుడు వరండాలోంచి ఒక గొంతు వచ్చింది.

"అది సేప కాదురా, గంప అనుకో. గంపకి పది. ఏ సేపైనా గంపకి పదే. ఇప్పుడు గంపలు లెక్కెట్టు."

ఆ గొంతు నూకాలుది. అదే ఏడో తరగతి పిల్ల. అందరికన్నా చురుకైన పిల్ల. వరండాలో ఎందుకుందంటే ఆలస్యంగా వచ్చింది కనుక. మొదటి గంట కొట్టాక వచ్చినవాళ్ళు ఆ పీరియడు అయ్యేదాకా బయట నిలబడాలని హెడ్మాస్టరు గారి శాసనం. ఆయన స్వయంగా పచార్లు చేస్తూ కాపలా కాసేవారు. మొదటి పీరియడు నాదే, లెక్కలు. నూకాలు దాదాపు రోజూ వరండాలోనే ఉండేది. ఆమెతో పాటు ఇంకొందరు ఆడపిల్లలు కూడా.

తెలివైనదే గాని క్వార్టర్లీలో లెక్కల్లో తప్పింది. తప్పక ఏం చేస్తుంది? ఒకరోజు వాళ్ళమ్మ అప్పయ్యమ్మ గేటు దగ్గర నన్ను ఆపింది. రొయ్యలు వలిచే షెడ్డులో పని ఆమెకి.

"అమ్మా టీచరుగోరూ, నా గుంట పబ్లిక్కు గట్టెక్కుతాదేటి?"

ఏడో తరగతికి అప్పట్లో పబ్లిక్ పరీక్ష. అది పాసైతేనే హైస్కూలు. ప్రయత్నిస్తే గట్టెక్కుతుంది అన్నాను.

"లెక్కల్లో పోతే మరి సదివించనమ్మా. సెడ్డులో నా పక్కనే ఎక్కించేత్తాను. మేస్త్రీని అడిగీసినాను కూడాను." ఆమె గొంతులో కోపం లేదు. రేపు వాన పడుతుందని చెప్పినట్టు చెప్పింది.

"ఆడపిల్లలకి లెక్కలు రావండీ, అది ప్రకృతి" అని హెడ్మాస్టరు గారు స్టాఫ్‌రూములో తరచు అనేవారు. మార్కుల పట్టీ చూస్తే ఆయన మాటే నిజమనిపించేది. మిగతా సబ్జెక్టుల్లో ఆడపిల్లలు మగపిల్లలకి ఏమీ తీసిపోరు. లెక్కల్లో మాత్రం వరసగా తప్పేవాళ్ళు.

గదిలో ఎవరున్నారు

కమ్మీ చిత్రం పాఠం వచ్చినప్పుడు పుస్తకంలోని అంకెలు పక్కన పెట్టాను. అందులో ఐదు గ్రామాల్లో గోధుమ దిగుబడి ఉంది. మా పిల్లలు గోధుమ గింజని రేషను సంచిలో తప్ప చూడలేదు. "ఒక వారంపాటు ప్రతి పీరియడులోనూ మన గదిలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. మగపిల్లలు వేరు, ఆడపిల్లలు వేరు" అన్నాను. ఇందులో నాకు దూరాలోచన ఏమీ లేదు. ఖర్చు లేకుండా దొరికేవి తలకాయలేనని అలా చెప్పాను.

పిల్లలు ఆ పనిమీద పడిపోయారు. నిలువు గీతలు నాలుగు, అడ్డం ఒకటి, ఇలా కట్టలు కట్టి లెక్కపెట్టడం పాఠంలో చెబితే ఆవులించిన వాళ్ళు, తలకాయలు లెక్కపెట్టమంటే పోట్లాడుకున్నారు. మధ్యలో నీళ్ళు తాగడానికి వెళ్ళినవాడు లెక్కలోకి వస్తాడా, బల్లకింద పడుకున్నవాడు ఉన్నట్టా లేనట్టా అని వాదించుకున్నారు. పోట్లాట లేని చోట దత్తాంశం లేదు. నా మాటగా ఇది రాసి పెట్టుకోండి.

వారం తర్వాత గళ్ళ కాగితం మీద కమ్మీలు వేశారు. మగపిల్లల కమ్మీలు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఒకే ఎత్తు, చివరి డ్రిల్లు పీరియడులో కొంచెం కురచ. ఆడపిల్లల కమ్మీలు రెండో పీరియడు నుంచి చివరిదాకా ఒకే ఎత్తు. మొదటి పీరియడులో మాత్రం కమ్మీ అడుగున ఒక మరకలాగా ఉంది.

"ఆడోల్లకి లెక్కలంటే బయమండి. అందుకే రారు" అన్నాడు గౌరీశు.

"బయమేటి? నీలు ఎవులు తెత్తారు, మీ తాతా?" అంది నూకాలు.

మా పేటకి వీధి కుళాయే దిక్కు. వాల్వు తిప్పే మనిషి ముందు కింద క్వార్టర్లకి వదిలి, తర్వాత కొండెక్కి మాకు వదిలేవాడు. సరిగ్గా బడి గంట కొట్టే వేళకి నీళ్ళు వచ్చేవి. అమ్మలు తెల్లారకముందే షెడ్డుకో రేవుకో పోయేవాళ్ళు. క్యూలో నిలబడేది కూతుళ్ళు.

ఇదంతా నాకు విడివిడిగా తెలుసు. పావడా అంచులు తడిసి వచ్చే పిల్లల్ని రోజూ చూస్తూనే ఉన్నాను. కాని ఆ మరకలాంటి కమ్మీ చూసేదాకా రెండూ ఒకచోటికి రాలేదు. గ్రాఫు చేయవలసిన పని ఇదీ. రంగులు కాదు.

అయితే ఇంట్లో నీళ్ళు ఎవరు తెస్తారో పటచిత్రం వేద్దాం అన్నాను. ఒక బిందె బొమ్మంటే రెండిళ్ళు. అమ్మ, నాన్న, అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు, ఇలా నాలుగు వరసలు గీశాం. అక్కచెల్లెళ్ళ వరసలో బిందెలు కాగితం చివరిదాకా పోయాయి. అన్నదమ్ముల వరసలో ఒక్కటీ లేదు. గౌరీశుకి అది నచ్చలేదు.

"మాయమ్మకి జొరమొచ్చినప్పుడు ఓపాలి నాను తెచ్చినానండి. నాదొక సగం బింది ఎయ్యండి."

"తెచ్చింది సగమే. అందులో సగం దారిలో ఒలకబోసీసినాడండి, నాను సూసినాను. పావు ఎయ్యండి" అంది నూకాలు.

పావు బిందె ఎలా గీయాలన్నదాని మీద పీరియడంతా గడిచింది. పటచిత్రంలో సగం గుర్తుకి అర్థమేమిటో ఆ తరగతికి నేను ఇంక వేరే చెప్పనక్కర్లేకపోయింది.

"రిజిస్టరులో అందరూ ఉన్నారు కదండీ"

ఆ రెండు కాగితాలూ పట్టుకుని హెడ్మాస్టరు గారి గదికి వెళ్ళాను. ఏం మాట్లాడాలో ముందురోజు డైరీలో రాసుకుని బట్టీపట్టాను. లోపలికి వెళ్ళాక మొదటి వాక్యం తప్ప అంతా మరిచిపోయాను. లెక్కల పీరియడు మధ్యాహ్నానికి మార్చండి, ఆడపిల్లలు కుళాయి దగ్గర ఉంటున్నారు అని ఎలాగో చెప్పాను.

ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశారు. "రంగు గళ్ళు దాటిపోయిందండీ. ఇన్‌స్పెక్షన్‌లో ఇది పెట్టకండి" అన్నారు ముందుగా.

తర్వాత, "లెక్కలు పొద్దున్నేనండీ. పొద్దున్న బుర్ర తేటగా ఉంటుంది. మా తాతగారి వీధి బడిలోనూ ఇంతేనండీ" అన్నారు.

"వాళ్ళు పొద్దున్న గదిలో ఉండట్లేదండీ."

"ఎందుకుండరండీ? రిజిస్టరు చూడండి." తెరిచి చూపించారు. ఏడో తరగతి ఆడపిల్లలందరికీ రోజూ హాజరే. ఉంటుంది మరి. ఎలాగూ రెండో పీరియడుకి వస్తారు కదా, గంట కొట్టగానే అందరికీ వేసేయండి, లేకపోతే లెక్క తగ్గి పోస్టు పోతుంది అని మాకు చెప్పింది ఆయనే. తను పుట్టించిన హాజరుని తనే సాక్ష్యంగా చూపించి, పిల్లలు ఉన్నారని నాకు రుజువు చేశారు. ఆ పొద్దున కూడా వాళ్ళు ఆయన కిటికీ అవతల వరండాలోనే నిలబడ్డారు.

తప్పుడు లెక్కవల్ల వచ్చే నష్టం పరువు పోవడం ఒక్కటే కాదు. నిజంగా ఉన్న కష్టం కాగితం మీద లేకుండా పోతుంది. కాగితం మీద లేని కష్టాన్ని ఏ ఆఫీసూ తీర్చదు. కొత్తగా చేరేవాళ్ళకి ఈ ఒక్క ముక్క చెప్పమంటే ట్రైనింగు కాలేజీల్లో ఎవరూ చెప్పరు.

డ్రిల్లు మాస్టారితో మారకం

ఇంక పైనుంచి పని జరగదని తేలాక పక్కనుంచి చేశాను. డ్రిల్లు చెప్పే సింహాచలం మాస్టారు ఈ ఊరి మనిషే. నా తరగతికి చివరి పీరియడు ఆయనది. పీరియడు మార్చుకుందామా అని అడిగాను. మారితే నూకాలుకి నిజంగా లెక్కలు వస్తాయో రావో తేలుతుందని కూడా చెప్పాను.

"తీసుకో అమ్మా, నాకేటి? పొద్దున్న సల్లగుంటాది. గుంటలు ఎండకి మాడిపోరు" అన్నాడాయన. విద్యాశాఖలో నేను విన్న మొదటి తెలివైన మాట అదే.

మర్నాటి నుంచి పొద్దున డ్రిల్లు, చివర లెక్కలు. ఆడపిల్లలందరూ గదిలో ఉన్నారు. నూకాలు మొదటి బెంచీలో కూర్చుని, నేను ప్రశ్న పూర్తి చేయకముందే చెయ్యెత్తేది. కాని చివరి పీరియడులో బంతి పట్టుకుని గోడదూకడం మగపిల్లలకి పాత అలవాటు. డ్రిల్లు పీరియడులో జారుకుంటే ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు లెక్కల్లోంచి జారుకున్నారు. గౌరీశుతో సహా కొన్ని బెంచీలు ఖాళీ.

మూడో రోజుకే హెడ్మాస్టరు గారు పరుగున వచ్చారు. ఆయన పరిగెత్తడం నేను మొదటిసారి చూశాను.

"ఏంటండీ ఇది టీచరు గారూ? మగపిల్లల చదువు ఏమైపోవాలండీ? బెంచీలు ఖాళీగా ఉంటే కనబడటం లేదా?"

ఏడాదిగా ఖాళీగా ఉన్న బెంచీలు ఆయనకి కనబడలేదు. తాతగారి వీధి బడీ, తేట బుర్రా ఆరోజు ఎత్తలేదు. ఖాళీ బెంచీ ఎవరిదో చూశారు. ఆ సాయంత్రమే టైంటేబులు మళ్ళీ మొదటికి తిప్పేశారు. సింహాచలం మాస్టారు వెళుతూ వెళుతూ, "సూసినావా అమ్మా? మగోడి బెంచీ కాలీ అయితేనే ఆయనకి కల్లు కనబడతాయి" అని గొణిగాడు.

మళ్ళీ వరండా. అప్పుడు నేను చేయగలిగినవి రెండే. నల్లబల్లని స్టాండుతో సహా కిటికీ వైపు తిప్పి పెట్టాను, వరండాలో ఉన్నవాళ్ళకి కనబడేలాగా. భోజనాల గంటలో మెట్ల మీద కూర్చోబెట్టి పొద్దుటి పాఠం మళ్ళీ చెప్పాను. నా నవలలు ఆగిపోయాయి. హెడ్మాస్టరు గారు అటువైపు నడుస్తూనే ఉండేవారు గాని ఏమీ అనలేదు. రిజిస్టరులో లేనిది ఆయన దృష్టిలో జరగనట్టే.

మెట్ల మీద నూకాలు పొద్దుటి పాఠం పట్టేసింది. లెక్కలు రాని ప్రకృతి ఆ పిల్లలో నాకు ఎక్కడా దొరకలేదు.

పరీక్ష పొద్దున

పబ్లిక్ పరీక్షల టైంటేబులు వచ్చింది. పరీక్షా కేంద్రం కొండ కింద ఉన్న హైస్కూల్లో. అన్ని పరీక్షలూ పొద్దున్నే, కుళాయి వేళకే. లెక్కలు మొదటి రోజు.

ముందురోజు బడి వదిలాక నూకాలు వాళ్ళింటికి వెళ్ళాను. ఒకరింటికి పిలవకుండా వెళ్ళడం నాకు అదే మొదలు. అప్పయ్యమ్మ పీట వేసింది. వాళ్ళబ్బాయి అప్పన్న, పద్దెనిమిదేళ్ళుంటాయి, గుమ్మంలో అద్దం పట్టుకుని క్రాపు దువ్వుకుంటున్నాడు. పని దొరికిన రోజు రేవులో పడవలకి రంగు గీకేవాడు. ఎక్కువ రోజులు దువ్వుకునేవాడు.

"రేపు నూకాలుని పెందరాళే పంపించాలమ్మా" అన్నాను.

"పరీచ్చ రోజని నీలు గావొద్దేటమ్మా? నాను సీకటుండగానే సెడ్డుకెల్లిపోవాల. బిందిలు పట్టీసి వత్తాది లెండి, కొంచెం ఆలీసమైనా."

"ఆలస్యమైతే లోపలికి రానివ్వరు. అప్పన్న ఉన్నాడు కదా?"

ఆమె నా వంక జాలిగా చూసింది. "ఓలమ్మ, మగోడు బింది ఎత్తుకుంటే వీదంతా నవ్వదేటి? రేపు ఆడికి పిల్లనెవులిత్తారు?"

అప్పన్న అద్దంలోంచే నవ్వాడు. నూకాలు తల వంచుకుని గిన్నెలు తోముతోంది. ఏడాదంతా మెట్ల మీద నేర్చుకున్నదంతా ఒక బిందె దగ్గర ఆగిపోబోతోందని ఆ పిల్లకీ తెలుసు, నాకూ తెలుసు.

ఇలాంటి సమయాల్లో మామూలుగా నేను సరేనని లేచి వచ్చి డైరీలో రాసుకునేదాన్ని. ఆరోజు అలా జరగలేదు.

"సరే అప్పన్నా" అన్నాను. "రేపు కుళాయి దగ్గరికి నేనే వస్తాను. మీ బిందె నేనే పట్టి, నేనే మోసుకొచ్చి ఇక్కడ దించుతాను. నువ్వు ఇక్కడే దువ్వుకుంటూ ఉండు. మీ చెల్లెలి టీచరు మీ ఇంటికి నీళ్ళు మోసిందని వీధి చెప్పుకుంటుంది. అది నవ్వులాట కాదనుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు."

అప్పన్న దువ్వెన ఆపాడు. నేను లేచి వచ్చేశాను.

బెదిరింపు కాదు, నిజంగానే వెళ్ళాను. మొదటి బస్సు పట్టుకుని, చీర కొంగు దోపుకుని, కొండెక్కాను. కుళాయి ఇంకా రాలేదు. బిందెల వరస మలుపుదాకా ఉంది. ఆ వరస మధ్యలో తుండుగుడ్డ తలమీంచి మొహం దాకా కప్పుకుని ఒక పొడుగాటి మనిషి ఉన్నాడు. గుడ్డ కప్పుకున్నందువల్లే అందరూ అతన్నే చూస్తున్నారు.

"ఏట్రా అప్పన్నా, ఏడో కలాసు పరీచ్చ నీకేటి?" అంది వెనకనుంచి ఒక ముసలామె.

"ముసుగైతే ఏసినావు గాని, కొప్పెట్టుకోడం మర్సిపోనావురా" అంది ఇంకొకామె.

"బింది సంకనెట్టుకుంటావా, నెత్తినెట్టుకుంటావా? నేర్పించమన్నావేటి?"

అప్పన్న పళ్ళు బిగపట్టుకుని నిలబడ్డాడు. నేను పక్కకి వెళ్ళి, "నూకాలు వెళ్ళిందా?" అని అడిగాను.

"తెల్లారకుండానే ఎల్లిపోనాదండి" అన్నాడు నేల చూస్తూ. మళ్ళీ తనే, "రేపు కూడా ఉన్నాదేటండి పరీచ్చ?" అన్నాడు.

"రేపూ ఉంది. ఎల్లుండి కూడా ఉంది."

ఇంతలో కుళాయి బుసకొట్టింది, వరస కదిలింది, వెనక ముసలామె బిందెతో అతని వీపుమీద పొడిచింది. ముందుకి జరిగాడు.

నూకాలు పాసైంది. లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి. మేస్త్రీతో మాట్లాడి పెట్టిన షెడ్డు పనికి అప్పయ్యమ్మ ఇంకెవరి కూతురినో చూపించింది. ఆ చోటు ఖాళీగా ఉండదని నాకు తెలుసు కనుక పూర్తిగా సంతోషించలేకపోయాను. ఇక హెడ్మాస్టరు గారు స్టాఫ్‌రూములో ఫలితాలు చదివి, "అక్కడక్కడా ఇలాంటి అదృష్టవంతులు ఉంటారండీ" అన్నారు.

హైస్కూలు తెరిచాక ఒక సాయంత్రం నూకాలు బడి గేటు దగ్గర నాకోసం నిలబడి ఉంది.

"టీచరుగోరూ, అక్కడ కూడా మొదటి పీరియడు లెక్కలేనండి."

"మరి నీళ్ళో?" అన్నాను.

"మా అన్న సైకిలుకి అటొక డబ్బా ఇటొక డబ్బా కట్టించుకున్నాడండి. డబ్బాలైతే తెత్తాడంట. బిందికే సిగ్గంట."